కలుపు మందు అవశేషాలు, ఎంజైమ్ బయోసెన్సర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల నుంచి రైతులు, ఎంఎస్సీ విద్యార్థులు, చీనీ (బత్తాయి), ఎర్రగడ్డల (ఉల్లిపాయల) వ్యాపారులు ఎక్కువగా అడిగేవి ఇక్కడ పెట్టాం. సగం ప్రశ్నలు తిరిగి తిరిగి ఒక్కదానికే వస్తాయి: "ఆన్‌లైన్‌లో టెస్ట్ కార్డు తెప్పించాం, నీలం రంగు వచ్చింది. ఇక మందు లేనట్టేనా?" పురుగు మందు సంగతి కొంతవరకు తెలిసినట్టే. కలుపు మందు సంగతి మాత్రం ఏమీ తెలియనట్టే. ఎందుకో కింద వివరంగా ఉంది.

బయోసెన్సర్ అంటే ఏంటి?

మీ ఇంట్లో షుగర్ చూసుకునే గ్లూకోమీటర్ ఉంటే, మీరు రోజూ బయోసెన్సర్ వాడుతున్నట్టే. ఆ స్ట్రిప్ మీద గ్లూకోజ్‌ను పట్టుకునే ఎంజైమ్ పూత ఉంటుంది. చర్య జరిగినప్పుడు పుట్టే కరెంటును మీటరు కొలిచి అంకెగా చూపిస్తుంది. ఈ ఆలోచనను 1962లో లీలండ్ క్లార్క్, ఛాంప్ లయన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు మొదట ప్రతిపాదించారు. ఏ బయోసెన్సర్‌లోనైనా రెండు భాగాలుంటాయి. ఒకటి పదార్థాన్ని గుర్తుపట్టే జీవ పదార్థం, రెండోది ఆ గుర్తింపును కరెంటుగానో రంగుగానో మార్చే పరికరం.

కలుపు మందును ఎంజైమ్ ఎలా గుర్తుపడుతుంది?

గ్లూకోమీటర్‌లో ఎంజైమ్ గ్లూకోజ్ మీదే పనిచేస్తుంది. ఇక్కడ ఎక్కువ సెన్సర్లలో అలా కాదు. ఎంజైమ్‌కు వేరే ఆహారం ఇస్తాం. నమూనాలో మందు ఉంటే అది ఎంజైమ్‌కు అడ్డుపడి, దాని పని మందగిస్తుంది. ఎంత మందగించిందో కొలిచి మందు ఎంతుందో అంచనా వేస్తాం.

లెక్క తేలికే. శుభ్రమైన నీటితో రీడింగ్ 0.80 వచ్చి, మీ నమూనాతో 0.52 వచ్చిందనుకోండి. తగ్గింది 0.28. దాన్ని 0.80తో భాగిస్తే 35 శాతం నిరోధం, అంటే ఎంజైమ్ పని అంత తగ్గినట్టు. మందు ఎంత ఉంటే నిరోధం ఎంత అనే గీత ముందే గీసుకుని ఉంటాం కాబట్టి, ఈ 35 శాతాన్ని దాని మీద చూసుకుంటాం.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. ఎంజైమ్‌కు ఏదో అడ్డుపడిందని మాత్రమే తెలుస్తుంది. అడ్డుపడింది అట్రజిన్ కావచ్చు, రాగి కావచ్చు, మీ బోరు నీటిలోని ఫ్లోరైడ్ కావచ్చు. ఎంజైమ్ పేర్లు చెప్పదు.

కార్డు మీద తెల్ల బిళ్ల, ఎర్ర బిళ్ల ఉన్నాయి. దాంతో కలుపు మందు తెలుస్తుందా?

తెలియదు. తెల్ల బిళ్లలో ఉండేది కోలినెస్టరేజ్ ఎంజైమ్. మన నరాల్లో పనిచేసే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ కుటుంబానిదే. ఎర్ర బిళ్లలో దానికి ఆహారం ఉంటుంది. ఆకును సెంటీమీటరు ముక్కలుగా కోసి, 5 గ్రాములు తూచి, 10 మిల్లీలీటర్ల బఫర్‌లో (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణంలో) వేసి బాగా కుదుపుతారు. ఆ నీటి చుక్కను తెల్ల బిళ్ల మీద వేసి 37 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచుతారు. తర్వాత కార్డు మడిచి, రెండు బిళ్లలూ కలిసేలా మూడు నిమిషాలు వేళ్లతో నొక్కి పట్టుకుంటారు. ఎంజైమ్ బాగుంటే తెల్ల బిళ్ల నీలంగా మారుతుంది. మందు దెబ్బ తగిలితే తెల్లగానే ఉండిపోతుంది.

ఈ ఎంజైమ్‌ను దెబ్బతీసేవి ఆర్గానోఫాస్ఫేట్, కార్బమేట్ పురుగు మందులు: మోనోక్రోటోఫాస్, ప్రొఫెనోఫాస్, కార్బోఫ్యూరాన్ లాంటివి. పురుగు మందుల్లోనే సింథటిక్ పైరిథ్రాయిడ్లను, ఇమిడాక్లోప్రిడ్ జాతి మందులను ఇది పట్టుకోలేదు. క్లోరిపైరిఫాస్‌ది ఇంకో రకం ఇబ్బంది. దాని మామూలు రూపం ఈ ఎంజైమ్‌కు పెద్దగా అడ్డుపడదు. ముందు ఆక్సీకరణ చేసి ఆక్సాన్ రూపంలోకి మారిస్తేనే బయటపడుతుంది. చాలా కార్డుల్లో ఆ దశ ఉండదు. ఇక అట్రజిన్, పెండిమిథాలిన్, ఇమజెథాపైర్, 2,4-డి, పారాక్వాట్ లాంటి కలుపు మందులన్నీ నరాల జోలికి వెళ్లకుండా మొక్క మీద పనిచేయడానికి తయారైనవి. అవశేషాల స్థాయిలో అవి ఎంత ఉన్నా ఆ కార్డు నీలంగానే నవ్వుతుంది.

కార్డు అమ్మేవాళ్లు "అన్ని మందులూ" అని రాస్తున్నారు. ఆ రెండు మాటలు చదివి నమ్మకండి.

గ్లైఫోసేట్‌లో కూడా ఫాస్ఫరస్ ఉంది కదా సార్, అది ఎందుకు దొరకదు?

మంచి ప్రశ్న, విద్యార్థులే ఎక్కువగా అడుగుతారు. ఫాస్ఫరస్ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆర్గానోఫాస్ఫేట్ పురుగు మందు ఎంజైమ్ లోపలి సెరిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కుని వదలదు. గ్లైఫోసేట్‌కు ఆ గుణం లేదు. అది మొక్కల్లో ఈపీఎస్‌పీ సింథేజ్ అనే వేరే ఎంజైమ్‌ను ఆపుతుంది, ఆ ఎంజైమ్ మనుషుల్లో ఉండదు. గ్లైఫోసేట్ కోసం పరిశోధనల్లో హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్, యూరియేజ్ లాంటివి వాడి చూశారు. రాగితో గట్టిగా జతకట్టే దాని గుణాన్ని ఆసరాగా చేసుకున్న సెన్సర్లూ ఉన్నాయి.

పనిలో పని: పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఇంకెవరూ గ్లైఫోసేట్ వాడకూడదని కేంద్రం 2022 అక్టోబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చింది. షాపులో ఇచ్చారు కదా అని కొట్టేముందు ఇది గుర్తుంచుకోండి.

మరి ఏ కలుపు మందుకు ఏ ఎంజైమ్ పనికొస్తుంది?

ముందు మీ మందు మొక్కలో ఎక్కడ దెబ్బకొడుతుందో చూడాలి. దెబ్బ తగిలే చోటే మంచి సెన్సర్ దొరుకుతుంది.

అట్రజిన్, డైయూరాన్, మెట్రిబుజిన్ మూడూ కిరణజన్య సంయోగక్రియను ఆపుతాయి. ఆకుల్లోని ఫోటోసిస్టమ్-2లో డీ1 అనే ప్రోటీన్ దగ్గర కూర్చుని ఎలక్ట్రాన్ల దారి మూసేస్తాయి. అందుకే పాలకూర ఆకుల నుంచి తీసిన థైలకాయిడ్ పొరలను (ఈ క్రియ జరిగే పచ్చటి పొరలను) ఎలక్ట్రోడ్ (కరెంటును కొలిచే కడ్డీ) మీద అంటించి ఈ మందులను పట్టుకుంటారు. ఇప్పటికి ఉన్న పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది ఇదే. మందు పొలంలో చేసే పనినే ఇక్కడా చేస్తుంది కాబట్టి సమాధానానికి అర్థం ఉంటుంది. ఈ పొరలు తొందరగా పాడైపోవడమే దీనికున్న పెద్ద లోపం.

అట్రజిన్‌కే ఇంకో దారి టైరోసినేజ్. పుట్టగొడుగుల నుంచి తీసే ఈ ఎంజైమ్ ఫినాల్ జాతి పదార్థాలను క్వినోన్‌లుగా మారుస్తుంది. ఎలక్ట్రోడ్ ఆ క్వినోన్‌లను కొలుస్తుంది. అట్రజిన్ ఉంటే కరెంటు తగ్గుతుంది. ఈ నిరోధం తాత్కాలికం. బఫర్‌తో కడిగితే ఎంజైమ్ మళ్లీ పనిచేస్తుంది కాబట్టి ఒకే ఎలక్ట్రోడ్‌ను చాలాసార్లు వాడుకోవచ్చు. కానీ టైరోసినేజ్‌కు అడ్డుపడేవి లోకంలో ఎన్నో ఉన్నాయి.

ఇమజెథాపైర్, మెట్‌సల్ఫ్యూరాన్ లాంటివి ఎసిటోలాక్టేట్ సింథేజ్‌ను ఆపుతాయి. ఆ ఎంజైమ్ తయారుచేసిన పదార్థాన్ని ఆమ్లంతో ఎసిటోయిన్‌గా మార్చి, క్రియాటిన్, నాఫ్తాల్ కలిపితే ఎరుపు రంగు వస్తుంది. రంగు ఎంత తగ్గితే మందు అంత ఉన్నట్టు. ల్యాబ్‌లో చక్కగా నడిచే పరీక్ష ఇది. పొలం గట్టు మీద చేసే పరిస్థితి ఇంకా లేదు.

2,4-డికి ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌లతో ప్రయత్నాలు జరిగాయి. దానికి ఎలీసా (యాంటీబాడీతో చేసే పరీక్ష) మేలు. కింద చెప్పాను.

మేం వేరుశనగలో పెండిమిథాలిన్ కొడతాం. దానికేమైనా ఉందా?

చేతిలో పెట్టుకుని వాడదగ్గ ఎంజైమ్ పరీక్ష లేదు. అనంతపురంలో విత్తిన వెంటనే ఎక్కువగా కొట్టే మందు ఇదే అయినా సరే. కారణం సింపుల్. పెండిమిథాలిన్ కణ విభజన సమయంలో ఏర్పడే సూక్ష్మనాళికలను కట్టుకోనివ్వదు. పైన చెప్పినట్టు తేలిగ్గా కొలిచే ఎంజైమ్ చర్య ఏదీ అక్కడ లేదు. దీనికి జీసీ-ఎంఎస్ లేదా ఎల్‌సీ-ఎంఎస్ (మందులను విడదీసి ఒక్కోదాన్ని గుర్తించే పెద్ద యంత్రాలు) ఉన్న ల్యాబే దిక్కు.

మొక్కజొన్నలో అట్రజిన్ కొట్టాం. ఆ చేన్లో ఇప్పుడు శనగ వేయొచ్చా? సెన్సర్‌తో చూసుకోవచ్చా?

కర్నూలు, నంద్యాల నల్లరేగడి రైతుల ప్రశ్న ఇది. భయం నిజమైనదే. అట్రజిన్ మొక్కజొన్నను ఏమీ చేయదు, ఎందుకంటే ఆ మొక్క దాన్ని విరిచేసుకోగలదు. పప్పుధాన్యాలకు, కూరగాయలకు ఆ శక్తి లేదు. పైగా క్షార నేలల్లో అట్రజిన్ మెల్లగా విరుగుతుంది. మన రేగడి నేలల్లో పీహెచ్ 8 దాటడం మామూలే. వాన సరిగా పడక నేల ఎండిపోయి ఉంటే ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది.

థైలకాయిడ్ సెన్సర్‌తో సూత్రప్రాయంగా చూడొచ్చు. కానీ మట్టి నుంచి మందును ద్రావణిలోకి తీసి, ఆ ద్రావణిని వదిలించి, బఫర్‌లోకి మార్చాలి. ఇంత చేసేలోపు రైతుకు ఇంకో తేలికైన పరీక్ష ఉంది. అనుమానం ఉన్న చేను మట్టి నాలుగు కుండీల్లో, అట్రజిన్ ఎప్పుడూ పడని గట్టు మట్టి నాలుగు కుండీల్లో పోయండి. రెండూ ఒకే రకం మట్టి కావాలి. దోస గింజలు వేసి, ఎండ బాగా తగిలేచోట పెట్టి, రెండు మూడు వారాలు చూడండి. అట్రజిన్ ఉంటే గింజ మామూలుగానే మొలుస్తుంది. మొలకెత్తలేదని కాదు, మొలిచాక ఏమైందో చూడాలి. ముందు పాత ఆకుల అంచులు పసుపెక్కి, ఆ తర్వాత మాడిపోతాయి. వేసేది శనగ కాబట్టి రెండు రకాల కుండీల్లోనూ శనగ గింజలు కూడా వేసి చూస్తే ఇంకా మంచిది.

సెన్సర్ల గురించి రాసే పేజీలో కుండీల గురించి చెప్పడం వింతగా ఉండొచ్చు. అయినా విత్తన ఖర్చు పెట్టేవాడికి పనికొచ్చే సమాధానం ఇదే.

బోరు నీళ్లలో పరీక్షిస్తే ప్రతి బోరుకూ "మందు ఉంది" అని వస్తోంది. నిజమేనా?

అనంతపురం జిల్లాలో ఈ పరీక్ష చేసేవాళ్లు మొదట అనుమానించాల్సింది ఫ్లోరైడ్‌ను. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. మన దగ్గర దాన్ని దాటిన బోర్లు ఎన్నో. యూరియేజ్‌కు, ఆమ్ల ఫాస్ఫటేజ్‌కు ఫ్లోరైడ్ బాగా తెలిసిన నిరోధకం. గాఢత పెరిగితే కోలినెస్టరేజ్‌కూ అడ్డుపడుతుంది. మీరు నమూనాను ఆవిరి చేసి చిక్కబరిస్తే మందుతో పాటు ఫ్లోరైడూ, ఉప్పులూ చిక్కబడతాయి. ఇంకేముంది, ప్రతి బోరులోనూ మందు ఉన్నట్టే కనిపిస్తుంది.

దీనికి విరుగుడు మంచి కంట్రోల్, అంటే పోల్చి చూసే నమూనా, పెట్టుకోవడం. డిస్టిల్డ్ వాటర్‌ను కంట్రోల్‌గా పెట్టడమే ఎక్కువమంది చేసే తప్పు. మందు పడే అవకాశం లేని చోట, అదే ఊరి అదే రకం బోరు నీటిని కంట్రోల్‌గా తీసుకోండి. లేదంటే డిస్టిల్డ్ వాటర్‌లో మీ బోరులో ఉన్నంత ఫ్లోరైడ్, అంతే కాఠిన్యం వచ్చేలా లవణాలు కలిపి దాన్ని కంట్రోల్‌గా పెట్టండి. ఇంకో పద్ధతి: నీటిని సీ-18 కార్ట్రిడ్జ్ (మందును పట్టి ఉంచే పొడి నింపిన చిన్న గొట్టం) గుండా పంపితే అట్రజిన్ లాంటి మందు అందులో ఆగుతుంది, ఫ్లోరైడ్ దిగిపోతుంది. ఆగిన మందును మిథనాల్‌తో దింపుకోవాలి. కొంచెం ఖర్చు అవుతుంది గానీ ఫలితం మీద నమ్మకం కుదురుతుంది.

చీనీ రసం నేరుగా సెన్సర్ మీద వేయొచ్చా?

వద్దు. మూడు కారణాలు. రసం పుల్లగా ఉంటుంది, ఆ పీహెచ్‌లో ఎంజైమ్ నీరసపడుతుంది. రెండోది విటమిన్ సి: టైరోసినేజ్ తయారుచేసిన క్వినోన్‌ను అది వెంటనే వెనక్కి మార్చేస్తుంది కాబట్టి, మందు లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. మూడోది, చీనీ తోటల్లో బోర్డో మిశ్రమం, కాపర్ ఆక్సీక్లోరైడ్ వాడతాం. తొక్క మీది రాగి చాలా ఎంజైమ్‌లను ఆపుతుంది. రాగిని బంధించడానికి ఈడీటీఏ కలపమని పుస్తకాల్లో ఉంటుంది. కానీ టైరోసినేజ్ పనిచేసేదే దాని లోపలి రాగితో. ఈడీటీఏ ఎక్కువైతే ఆ ఎంజైమ్ కూడా దెబ్బతినొచ్చు.

ఎర్రగడ్డలకు కార్డు ఎప్పుడూ పాజిటివ్ చూపిస్తుంది, మా సరుకు చెడ్డదా?

కాదు. ఎర్రగడ్డ, వెల్లుల్లి, ముల్లంగి, కొత్తిమీర, టమోటా రసాల్లోనే ఎంజైమ్‌కు అడ్డుపడే సహజ పదార్థాలు ఉంటాయి. వీటిని కోసి నానబెడితే మందు లేకపోయినా పాజిటివ్ వస్తుంది. కోయకుండా గడ్డను అలాగే బఫర్‌లో ముంచి పైపైన కడిగిన నీటితో చూడాలి. కర్నూలు యార్డులో కొనేవాళ్లు ఎవరైనా కోసిన గడ్డతో కార్డు పెట్టి ధర తగ్గించబోతే, ఈ మాట గట్టిగా చెప్పండి.

ఎంత తక్కువ మోతాదును పట్టుకోవాలి?

తాగునీటిలో అట్రజిన్‌కు భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం పరిమితి లీటరుకు 2 మైక్రోగ్రాములు. 2,4-డికి 30, అలాక్లోర్‌కు 20, బ్యూటాక్లోర్‌కు 125. యూరప్‌లో ఏ కలుపు మందైనా సరే 0.1 మైక్రోగ్రామే.

రెండు మైక్రోగ్రాములంటే ఎంతో చూడండి. పది మీటర్ల పొడవు, పది వెడల్పు, రెండు మీటర్ల లోతు ఉన్న ఫారంపాండ్‌లో 2 లక్షల లీటర్లు పడతాయి. అలాంటివి ఐదు నింపి, మొత్తంలో 50 శాతం అట్రజిన్ పొడి 4 గ్రాములు కలిపితే ఆ పరిమితికి వస్తుంది. కిట్ అమ్మేవాళ్లు "పీపీఎం స్థాయిలో పట్టుకుంటుంది" అంటే నీటికి అది పనికిరాదు. పీపీఎం అంటే లీటరుకు మిల్లీగ్రాము, మనకు కావాల్సిన దానికి వందల రెట్లు ఎక్కువ.

ల్యాబ్‌లో రెండొందల మందులకు చూసి "ఏమీ లేవు" అన్నారు. ఇక టెన్షన్ లేదు కదా?

రిపోర్టు వెనకపేజీలో మందుల జాబితా చూడండి. ల్యాబులు ఎక్కువగా క్వెచర్స్ అనే పద్ధతిలో నమూనా తయారుచేస్తాయి. 2003లో వచ్చిన ఈ పద్ధతి వందల మందులకు బ్రహ్మాండంగా పనిచేస్తుంది. కానీ గ్లైఫోసేట్, పారాక్వాట్ నీటిని వదిలి అందులో వాడే అసిటోనైట్రైల్ అనే ద్రావణిలోకి రావు. వాటికి వేరే పరీక్ష, వేరే ఫీజు. మీరు అడగకపోతే ఎవరూ చేయరు.

ఎలీసా కిట్ కూడా ఎంజైమ్ సెన్సరేనా?

దాంట్లో ఎంజైమ్ ఉంటుంది గానీ పని వేరు. మందును గుర్తుపట్టేది యాంటీబాడీ, ఎంజైమ్ రంగు తెప్పించడానికే. అట్రజిన్ కిట్ అట్రజిన్‌ను, దానికి బాగా దగ్గరి మందులను మాత్రమే చూస్తుంది. ఎక్కువ కిట్లలో మందు ఉంటే రంగు తగ్గుతుంది, కొత్తవాళ్లు ఇక్కడ తికమకపడతారు. ఏ మందు కోసం వెతుకుతున్నారో ముందే తెలిస్తే, నా ఓటు ఎలీసాకే.

మా డిగ్రీ కాలేజీలో ప్రాజెక్టుగా చేయడానికి ఏదైనా చెప్తారా?

పాలకూరతో హిల్ చర్య (ఆకు పొరలు వెలుతురులో రంగును పోగొట్టే పరీక్ష) చేయండి. ఆకులను చల్లటి సుక్రోజ్ బఫర్‌లో రుబ్బి, పలచటి గుడ్డలో వడకట్టి, సెంట్రిఫ్యూజ్ తిప్పి, అడుగున చేరిన పచ్చటి ముద్దను ఐస్‌లో, చీకట్లో ఉంచండి. దాంట్లో డీసీపీఐపీ అనే నీలం రంగు కలిపి వెలుతురులో పెడితే కొద్ది నిమిషాల్లో నీలం పోతుంది. డైయూరాన్ గానీ అట్రజిన్ గానీ ఉంటే నీలం నిలిచిపోతుంది. 600 నానోమీటర్ల దగ్గర చదివితే లెక్క కూడా వస్తుంది. అట్రజిన్ నీటిలో సరిగా కరగదు, లీటరుకు 33 మిల్లీగ్రాములే. అందుకని కాస్త మిథనాల్‌లో కరిగించి కలపండి, కంట్రోల్‌లో కూడా అంతే మిథనాల్ పోయండి. ఇది మర్చిపోతే మీరు మిథనాల్ ప్రభావాన్ని కొలిచి మందని రాసేస్తారు.

ఎండాకాలంలో మాత్రం పెట్టుకోకండి. ఫ్రిజ్‌కు, బల్లకు మధ్య తిరుగుతుండగానే ముద్ద పాడవుతుంది. కొన్న ఎంజైమ్ కిట్లదీ అదే కథ. ఫ్రిజ్‌లో ఉండాల్సిన డబ్బా మే నెలలో కొరియర్ వ్యాన్‌లో రెండు రోజులు ఉడికితే, మీరు తెరిచేసరికి ఎంజైమ్ సగం చచ్చి ఉంటుంది. డబ్బా రాగానే ముందు శుభ్రమైన నీటితో ఒకసారి రీడింగ్ తీసి చూడండి.

పక్క చేనాయన కొట్టిన 2,4-డి గాలికి వచ్చి మా పత్తి ఆకులు ముడుచుకుపోయాయి. స్ట్రిప్ టెస్ట్ చూపిస్తే నష్టపరిహారం వస్తుందా?

స్ట్రిప్ సాక్ష్యంగా నిలవదు. వెంటనే మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా తెలిపి, చేను చూపించి, తేదీ కనిపించేలా ఫోటోలు తీసుకోండి. ఆకులు పేపర్ కవర్లో పెట్టి, ఆ కవరును ఐస్‌బాక్స్‌లో ఉంచి, ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపున్న ల్యాబుకు పంపాలి. పెద్దల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే గొడవలు కూడా ఇందులో చాలానే ఉంటాయి.

గడ్డి మందు తాగినవారికి ఈ సెన్సర్ ఉపయోగపడుతుందా?

సెన్సర్ కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. ఆసుపత్రిలో చేసే కోలినెస్టరేజ్ రక్తపరీక్ష పురుగు మందుకు పనికొస్తుంది. అది నార్మల్ వచ్చినా పారాక్వాట్ లేదని కాదు. పారాక్వాట్‌కు మూత్రంలో సోడియం డైథయోనైట్ కలిపి చూస్తారు, నీలం వస్తే ఉన్నట్టు. దానికి విరుగుడు మందు లేదు కాబట్టి ప్రతి గంటా విలువైనదే.

నీటి నమూనా ఎలా పట్టాలి?

మోటారు వేసి పైపులో నిలిచిన నీళ్లు పోయేదాకా వదిలేయండి. ముదురు రంగు గాజు సీసా తీసుకుని, అదే నీటితో రెండుసార్లు తొలిచి, అంచుదాకా నింపండి. మందు డబ్బాలు, స్ప్రేయర్ ముట్టుకున్న చేతులతో పట్టొద్దు. ఐస్‌లో పెట్టి, మరుసటి రోజుకల్లా అందించండి.

కిట్ కొనేముందు ఏం అడగాలి?

ఏ ఎంజైమ్, ఏయే కలుపు మందులకు, ఎన్ని మైక్రోగ్రాముల వరకు, ఏ నమూనాలో పరీక్షించి చూశారు అని అడగండి. "నీటిలో చూశాం" అంటే మట్టికి, కాయకు పనిచేస్తుందని కాదు. తయారీ తేదీ, చల్లగా పంపిస్తారా లేదా కూడా అడగాలి. ఈ ప్రశ్నలకు ఫోన్లో జవాబు చెప్పలేక బ్రోచర్ వాట్సాప్ చేస్తామన్నారంటే, ఆ బ్రోచర్‌లో ఎంజైమ్ పేరు ఉందేమో చూసి, లేకపోతే వదిలేయండి.